వియన్నాలో నాలుగు రోజులు: పిల్లలతో, పెద్దావిడతో ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

మీరు రాసిన వివరాలను బట్టి జూన్ రెండో వారంలో నాలుగు పూర్తి రోజులు వియన్నాలో ఉంటారు. మీతో 6, 11 ఏళ్ల పిల్లలిద్దరూ, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారూ వస్తున్నారు, ఆవిడ శాకాహారి. పిల్లలు విసిగిపోకూడదు, అలాగని అంత దూరం వచ్చి పార్కులు మాత్రం తిరిగి వెళ్లినట్టూ ఉండకూడదు అన్నది మీ ప్రశ్న. నేను ఈ నగరంలో 14 ఏళ్లుగా ఉంటున్నాను. నా పిల్లలు ఇక్కడే పెరిగారు, మా అమ్మానాన్నలు, అత్తమామలు, బంధువుల కుటుంబాలు వచ్చినప్పుడల్లా ఊరు చూపించే పని నాదే కాబట్టి, ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మీరు పంపిన జాబితాలో 17 పేర్లున్నాయి. ముందుగా హాల్‌స్టాట్‌ను, సాల్జ్‌బర్గ్‌ను కొట్టేయండి. హాల్‌స్టాట్‌కు వెళ్లడానికే మూడు గంటలకు పైగా పడుతుంది, మధ్యలో రైలు మారాలి, చివర పడవ ఎక్కాలి. సాల్జ్‌బర్గ్ రైలులో దాదాపు రెండున్నర గంటల దూరం. ఆరేళ్ల బిడ్డకు ఆ రోజంతా రైలు కిటికీగానే గుర్తుండిపోతుంది. సంగీతకారుడు మొజార్ట్ 1784 నుంచి 1787 వరకు అద్దెకున్న ఇల్లు కూడా ఈసారికి వదిలేయవచ్చు. సంగీతం తెలిసినవారికి అది పుణ్యస్థలమే కానీ, లోపల ఆయన వాడిన సామాను ఏమంత మిగలలేదు, చదవాల్సిన బోర్డులే ఎక్కువ.

ఇక మిగిలిన జాబితాను మీరు "పిల్లలకు", "పెద్దలకు" అని రెండు వరుసలుగా విడదీశారు. నేను కూడా మొదట్లో అలాగే చేశాను. మావాడికి ఐదేళ్లప్పుడు, ఊరి నుంచి వచ్చిన మా నాన్నగారితో పాటు వాణ్నీ కున్‌స్ట్‌హిస్టోరిషెస్ అనే కళా మ్యూజియానికి తీసుకెళ్లి, టికెట్టు డబ్బులు దండగ కాకూడదని ఒక్కో గదీ వరుసగా తిప్పాను. నాలుగో గదిలో వాడు పాలరాతి నేల మీద వెల్లకిలా పడుకుని ఇక లేవనన్నాడు. మా నాన్నగారేమో బల్ల మీద కూర్చుని కునికిపాట్లు పడుతున్నారు. తప్పు మ్యూజియానిదీ కాదు, వాళ్లదీ కాదు. వియన్నాలో ఒకే చోటు పిల్లలకూ పెద్దలకూ పనికొస్తుంది, అయితే లోపలికి వెళ్లేముందే పిల్లలకు అక్కడ వెతకాల్సిన వస్తువు ఒకటి చెప్పాలి, గంటన్నర దాటకముందే బయటికి వచ్చేయాలి. 19 ఏళ్లలోపు వారికి ఈ మ్యూజియంతో సహా బెల్వెడేర్, ఆల్బెర్టీనా, నేచురల్ హిస్టరీ మ్యూజియం, టెక్నికల్ మ్యూజియం వంటి కేంద్ర ప్రభుత్వ మ్యూజియాల్లో ప్రవేశం ఉచితం. కాబట్టి సగం చూసి వచ్చేశామన్న బాధ పిల్లల వరకైనా ఉండదు.

ఆ కళా మ్యూజియంలోనే మీరు మొదట చూడవలసినది పీటర్ బ్రూగెల్ 1560లో వేసిన "పిల్లల ఆటలు" అన్న చిత్రం. వెడల్పు 161, ఎత్తు 118 సెంటీమీటర్లు ఉండే ఆ పలక మీద 230 మందికి పైగా పిల్లలు 80కి పైగా ఆటలు ఆడుతుంటారు. దాని ముందు నిలబడినప్పుడు మా అమ్మ చేసిన పని చెబుతాను. ఆవిడకు బ్రూగెల్ ఎవరో తెలియదు. కాసేపు చూసి, ఎడమవైపు కింది మూలకు వేలు చూపించి, "అదుగో, అచ్చనగండ్లు ఆడుతున్నారు" అన్నది. నిజంగానే అక్కడ ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఎముక ముక్కలతో ఆ ఆటే ఆడుతున్నారు. అవి గొర్రె కాలి కీలులో ఉండే చిన్న ఎముకలు. మన దగ్గర గులకరాళ్లతోనో గచ్చకాయలతోనో ఆడేది వాళ్లు వాటితో ఆడేవారు. అక్కడి నుంచి ఇక మా పిల్లలను ఆపడం నా వల్ల కాలేదు. ఒంగుళ్లు దూకుళ్లు దొరికింది, కళ్లగంతలు దొరికింది, బొంగరాలు తిప్పేవాళ్లు దొరికారు, కర్రగుర్రం ఎక్కినవాడు, చక్రం దొర్లించేవాడు, కర్రకాళ్ల మీద నడిచేవాడు దొరికారు. మీ అత్తగారిని పిల్లల పక్కన నిలబెట్టి, మీరు కాస్త దూరంగా జరగండి. ఆ చిత్రం ముందు చెప్పవలసిన మాటలు మనకంటే ఆవిడ దగ్గరే ఎక్కువ ఉంటాయి. 460 ఏళ్ల కిందటి ఫ్లాండర్స్ (నేటి బెల్జియం ప్రాంతం) ఊరి పిల్లల ఆటలకు మన ఊళ్లో పేర్లున్నాయని తెలిసిన తరువాత, అదే గదిలో ఉన్న "బాబెల్ గోపురం", "మంచులో వేటగాళ్లు" చిత్రాలను కూడా పిల్లలు తమంతట తామే దగ్గరకు వెళ్లి చూస్తారు. బ్రూగెల్ చిత్రాలు ఇన్ని ప్రపంచంలో మరెక్కడా ఒకచోట లేవు. ఆ ఒక్క గది చూసి, మెట్ల మీది పైకప్పును ఒకసారి తలెత్తి చూసి, గోపురం కింద ఉన్న కాఫీ హోటల్లో కూర్చుని వచ్చేసినా మీరు ఏమీ పోగొట్టుకున్నట్టు కాదు.

ఎదురుగా, 18వ శతాబ్దంలో ఆస్ట్రియాను ఏలిన మరియా థెరీసా మహారాణి విగ్రహానికి అవతలివైపు, అచ్చం అలాగే కనిపించే భవనం నేచురల్ హిస్టరీ మ్యూజియం. ఇది 1889లోను, కళా మ్యూజియం 1891లోను తెరుచుకున్నాయి. ఇక్కడ పిల్లలకు డైనోసార్ల హాలు ఎటూ ఉంటుంది, అందులో తల తిప్పి, నోరు తెరిచే అల్లోసారస్ బొమ్మను చూసి చిన్నవాడు ముందు మీ కొంగు పట్టుకుంటాడు, తరువాత అక్కడి నుంచి కదలడు. మీరు మాత్రం రెండు వస్తువులను మరిచిపోవద్దు. మొదటిది "విల్లెన్‌డార్ఫ్ వీనస్". 1908లో దొరికిన ఈ 11 సెంటీమీటర్ల స్త్రీ రాతి బొమ్మకు దాదాపు 29,500 ఏళ్ల వయసు ఉంటుంది. దానికోసమే చీకటిగా చేసిన చిన్న గదిలో ఒక్కటే ఉంటుంది. పుస్తకాల్లో పెద్ద ఫొటోలు చూసి వచ్చినవారు "ఇంతేనా!" అంటారు, ఆ "ఇంతేనా"లోనే దాని గొప్పతనం ఉంది, అది అరచేతిలో పట్టే బొమ్మ. రెండోది మరియా థెరీసా తన భర్తకు ఇచ్చిన రత్నాల పూలగుత్తి. 2,102 వజ్రాలు, 761 రంగురాళ్లు పొదిగిన ఆ గుత్తిలో పూల మీద వాలిన పురుగులు కూడా ఉన్నాయి. వాటిని ఎవరు ముందు కనిపెడతారో అని పిల్లలకు పందెం పెట్టండి. భర్తగారికి రాళ్లను సేకరించే పిచ్చి ఉండేదట, ఆయన సేకరణతోనే ఈ మ్యూజియం మొదలైంది. రెండు మ్యూజియాలనూ ఒకే రోజు పెట్టుకోకండి. మరో సంగతి, మ్యూజియాలకు వారంలో ఒకరోజు సెలవు ఉండడం ఇక్కడ మామూలు, అది ఒక్కోదానికి ఒక్కో రోజు కాబట్టి ముందురోజు రాత్రి వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి.

షోన్‌బ్రున్ రాజభవనానికి ఒక రోజంతా కేటాయించండి, తక్కువలో ముగించాలని చూడకండి. 1,441 గదులున్న ఆ భవనంలో మనకు చూపించేది కొద్ది భాగమే, అదే చాలు. పిల్లలకు ఇక్కడ చెప్పవలసిన కథ ఒకటి ఉంది: 1762 అక్టోబరులో ఆరేళ్ల మొజార్ట్ ఈ భవనంలోనే మహారాణి ముందు పియానో వంటి వాద్యం వాయించి, వాయించడం అయిపోగానే పరుగెత్తుకెళ్లి ఆవిడ ఒళ్లోకి ఎక్కి ముద్దుపెట్టాడని చెబుతారు. మీ చిన్నవాడి వయసూ ఆరే కాబట్టి ఆ గదిలో ఈ కథకు ప్రత్యేకమైన విలువ వస్తుంది. ఆవిడకు 16 మంది పిల్లలని, వారిలో ఒకరు ఫ్రాన్స్ రాణి మేరీ ఆంట్వనెట్ అని పెద్దమ్మాయికి చెప్పండి. పొడవాటి టూరు టికెట్టు తీసుకుంటే "మిలియన్ గది" కూడా వస్తుంది. దాని గోడలకు మొఘల్ కాలపు మన సూక్ష్మచిత్రాలను బంగారు పూత చట్రాల్లో బిగించారు. చట్రాల వంకర ఆకారాలకు సరిపడేలా ఆ చిత్రాలను రాజకుటుంబం వారే కత్తిరించి అతికించారని తెలిసినప్పుడు, చూసే మన మనసు కాస్త చివుక్కుమంటుంది. అయినా గది అందమైనదే, ఆ రెండు మాటలూ నిజమే. టికెట్టు మీద లోపలికి వెళ్లవలసిన సమయం రాసి ఉంటుంది, జూన్‌లో అప్పటికప్పుడు దొరకడం కష్టం కాబట్టి ఆన్‌లైన్‌లో ముందే కొని, పొద్దున్నే మొదటి సమయం ఎంచుకోండి. భవనంలోనే పిల్లల మ్యూజియం ఉంది, అక్కడ రాకుమారుల దుస్తులు తొడుక్కుని, రాజుగారి భోజనాల బల్ల సర్దడం వంటివి పిల్లలే చేయవచ్చు. ఇద్దరిలో చిన్నవాడికి అది బాగా నచ్చుతుంది, 11 ఏళ్ల అమ్మాయి మొహమాటపడవచ్చు.

మధ్యాహ్నం తరువాత అదే ఆవరణలోని జంతు ప్రదర్శనశాలకు వెళ్లండి. 1752లో మహారాణి భర్త ఫ్రాన్సిస్ మొదలుపెట్టిన ఇది, ఇప్పటికీ నడుస్తున్న జంతు ప్రదర్శనశాలల్లో ప్రపంచంలోకెల్లా పాతది. మధ్యలో పసుపురంగు ఎనిమిది కోణాల మంటపం ఉంటుంది, రాజకుటుంబం అక్కడ కూర్చుని జంతువులను చూస్తూ ఫలహారం చేసేదట. ఇప్పుడు అక్కడ మనమే కూర్చుని తినవచ్చు. 1828లో ఈజిప్టు పాలకుడు కానుకగా పంపిన జిరాఫీ వచ్చినప్పుడు వియన్నా ఊరు ఊరంతా వెర్రెత్తిపోయి, జిరాఫీ మచ్చల దుస్తులు, జిరాఫీ పేరు పెట్టిన జుట్టు ముడులు కూడా వేసుకున్నారు. పిల్లలకు ఈ సంగతి తెలిస్తే జిరాఫీల దగ్గర మీరు అనుకున్నదానికంటే ఎక్కువసేపు నిలబడాల్సి వస్తుంది. తోటలోకి ప్రవేశం ఉచితం. కొండమీది గ్లోరియెట్ మంటపం దాకా నడక మీ అత్తగారి మోకాళ్లకు మంచిది కాదు, తోట చుట్టూ తిరిగే చిన్న రోడ్డు రైలు ఉంటుంది, దానిలో ఆవిడను ఎక్కించండి.

స్టెఫాన్స్‌డోమ్ అనే పెద్ద చర్చికి అర పూట చాలు. దక్షిణపు శిఖరం 136 మీటర్ల ఎత్తు, అందులో 343 మెట్లు ఎక్కితే పాత కాలపు కాపలాదారు గది వస్తుంది. మెలికలు తిరిగే ఆ ఇరుకు మెట్లు పెద్దమ్మాయీ మీరూ ఎక్కండి. మీ అత్తగారిని, చిన్నవాణ్ని ఉత్తరపు శిఖరంలో లిఫ్టు మీద పైకి పంపండి. అక్కడ పుమ్మెరిన్ అనే 20 టన్నుల గంట ఉంటుంది. 1683లో వియన్నాను ముట్టడించిన తుర్కుల దగ్గర స్వాధీనం చేసుకున్న ఫిరంగులను కరిగించి 1711లో మొదటి గంట పోశారు, 1945 అగ్నిప్రమాదంలో అది కింద పడి బద్దలైతే, ఆ లోహంతోనే 1951లో మళ్లీ పోశారు. అయితే నాకు ఈ చర్చిలో నచ్చేవి ఇంత పెద్దవి కావు. ప్రధాన ద్వారానికి ఎడమ పక్క గోడలో రెండు ఇనుప కడ్డీలు బిగించి ఉంటాయి. బట్టల వ్యాపారులు మోసం చేస్తున్నారేమోనని కొలిచి చూసుకోవడానికి ఊరంతటికీ అవే కొలబద్దలు, ఒక్కో రకం బట్టకు ఒక్కో పొడవు. మూర తగ్గించి కొలిచే బట్టల కొట్టు ఏ ఊళ్లోనైనా ఉంటుందని మీ అత్తగారు నవ్వుకుంటారు. లోపల, ప్రసంగవేదిక మెట్ల చేతిపట్టు మీద రాతి కప్పలు, బల్లులు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ పైకి పాకుతుంటాయి, చివరన ఒక రాతి కుక్కపిల్ల వాటిని పైకి రానివ్వకుండా కాపలా కాస్తుంటుంది. అదే వేదిక అడుగున, కిటికీ తెరిచి తొంగిచూస్తున్న ఒక మనిషి బొమ్మ ఉంది. "కిటికీలోంచి చూసేవాణ్ని కనిపెట్టు" అని చెప్పి పిల్లలను వదిలేయండి. అక్కడి నుంచి ఐదు నిమిషాల నడకలో హోహెర్ మార్క్ట్ అనే చౌరస్తాలో ఆంకర్ గడియారం ఉంది. 1911, 1914 మధ్య తయారైన ఈ గడియారంలో గంటకో చారిత్రక వ్యక్తి బొమ్మ కదులుతుంది, సరిగ్గా మధ్యాహ్నం 12 గంటలకు రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ మొదలుకొని సంగీతకారుడు హైడన్ దాకా 12 బొమ్మలూ పాటలతో వరుసగా వెళతాయి. ఆ సమయానికి జనం గుమిగూడతారు, 10 నిమిషాల ముందే నీడలో చోటు చూసుకోండి.

ప్రాటర్ అనే వినోదాల పార్కుకు సాయంత్రం వెళ్లాలి. చక్రవర్తుల వేట అడవిని రెండో జోసెఫ్ 1766లో జనానికి తెరిచాడు. లోపలికి టికెట్టు లేదు, ఎక్కినదానికే డబ్బు. అక్కడి పెద్ద చక్రాన్ని 1897లో వాల్టర్ బాసెట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు నిలబెట్టాడు. ఎత్తు దాదాపు 65 మీటర్లు. నుమాయిష్‌లో జెయింట్ వీల్‌ను ఊహించుకుని భయపడుతూ ఎక్కిన మా అమ్మ, ఎర్రటి చెక్క పెట్టె, అందులో కిటికీలు, నిలబడి తిరగడానికి చోటు చూసి "ఇది రైలు పెట్టె కదరా" అన్నది. అంత నెమ్మదిగా తిరుగుతుంది, మీ అత్తగారు నిశ్చింతగా ఎక్కవచ్చు. మొదట 30 పెట్టెలుండేవి, 1944లో కాలిపోయాక మళ్లీ కట్టినప్పుడు చక్రం అంత బరువు మోస్తుందో లేదోనని 15 మాత్రమే తగిలించారు. పెట్టెల మధ్య ఖాళీని పిల్లలు తప్పకుండా అడుగుతారు, జవాబు ఇదే. 1928 నుంచి తిరుగుతున్న చిన్న రైలు కూడా అక్కడే ఉంది.

వర్షం పడితే కంగారు పడవద్దు. హౌస్ డెర్ మ్యూజిక్ అనే సంగీత మ్యూజియంలో మెట్లే పియానో మీటల్లా మోగుతాయి. తెర మీద కనిపించే వియన్నా ఫిల్హార్మోనిక్ వాద్యబృందాన్ని చేతికి కర్ర పట్టుకుని మీరే నడిపించవచ్చు, సరిగ్గా నడపకపోతే వాద్యకారులు వాయించడం ఆపి మిమ్మల్ని తిడతారు. 1918లో తెరిచిన టెక్నికల్ మ్యూజియంలో చిన్నపిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాలను కూల్చడానికి కట్టిన కాంక్రీటు బురుజులోనే చేపల ప్రదర్శనశాల ఒకటి పెట్టారు, దాని పైకప్పు మీద నుంచి ఊరంతా కనిపిస్తుంది. ఒక రోజుకు ఒకటే, మూడూ కాదు.

ప్రయాణాలకు రోజువారీ పాసు కొనుక్కోండి. ఆరేళ్లు నిండని పిల్లలకు టికెట్టు అక్కర్లేదు, 15 ఏళ్లలోపు వారికి ఆదివారాలు, పండుగలు, వియన్నా బడి సెలవుల్లో ఉచితం. వయసు అడిగితే చూపించడానికి పాస్‌పోర్టు ఫొటో ఫోనులో ఉంచుకోండి. స్టేషన్లలో గేట్లుండవు కదా అని కాగితపు టికెట్టును నీలం పెట్టెలో ముద్ర వేయించకుండా ఎక్కితే అది టికెట్టు లేనట్టే. మా బావగారు జేబులో కొత్త టికెట్టు పెట్టుకుని జరిమానా కట్టారు. విమానాశ్రయం నుంచి ప్రత్యేకమైన ఎక్స్‌ప్రెస్ రైలు ప్రకటనలే ముందు కనిపిస్తాయి, ఎస్7 అనే మామూలు లోకల్ రైలు కొద్ది నిమిషాలే ఆలస్యం, ఖరీదు మాత్రం చాలా తక్కువ.

అత్తగారి భోజనం గురించి రెండు జాగ్రత్తలు. కూరగాయల సూప్ అన్నా నీళ్లు చాలాసార్లు గొడ్డుమాంసం ఉడికించినవే ఉంటాయి, కాబట్టి సూపులను వదిలేయడమే మేలు. కైజర్‌ష్మార్న్ అనే తీపి అట్టు ముక్కలు పిల్లలకు ఇష్టమైనవే కానీ, అందులో గుడ్డు ఉంటుంది, ఎండుద్రాక్షను రమ్ములో నానబెట్టడమూ ఉంది, అడిగి తీసుకోండి. ఆపిల్ స్ట్రూడెల్ నిశ్చింతగా తినవచ్చని కొందరంటారు, పైపూతకు కొందరు గుడ్డు వాడతారు కాబట్టి గుడ్డు కూడా తినని వారైతే అదీ అడగాలి. నాష్‌మార్క్ట్ సంత చుట్టుపక్కల భారతీయ సరుకుల కొట్లున్నాయి. వంటగది ఉన్న బస దొరికితే పెరుగన్నం, ఊరగాయతో ఒక పూట గడిపేయడం ఆవిడకు ఏ హోటలు కంటే సుఖం. ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు, పెద్ద రైల్వేస్టేషన్లలోని సూపర్‌మార్కెట్లే దిక్కు. నీళ్ల సీసాలు కొనకండి. 1873 నుంచి ఆల్ప్స్ ఊటల నీరు గొట్టాల్లో నేరుగా ఊరికి వస్తుంది, కుళాయి తిప్పి పట్టుకోవడమే.

చివరగా సంగీత కచేరీ సంగతి అడిగారు. ఒపేరా అనే సంగీత నాటకాలు ఆడే భవనం, స్టెఫాన్స్‌డోమ్ దగ్గర మొజార్ట్ కాలపు కోటు, తెల్ల విగ్గు పెట్టుకున్నవాళ్లు కచేరీ టికెట్లు అమ్ముతూ వెంటపడతారు. అవి ఎక్కువగా యాత్రికుల కోసం ఏర్పాటు చేసినవి, ఒపేరాకు వాటితో సంబంధం లేదు, తొందరపడి కొనవద్దు. ఆరేళ్లవాడిని మూడు గంటల ఒపేరాలో కూర్చోబెట్టడమూ అన్యాయమే. మీకొక అదృష్టం ఉంది, జూన్‌లో స్టేట్ ఒపేరాలో జరిగే ప్రదర్శనలను కొన్ని సాయంత్రాలు భవనం పక్క చౌరస్తాలో పెద్ద తెర మీద ప్రత్యక్షంగా, ఉచితంగా చూపిస్తారు. వాళ్ల వెబ్‌సైట్‌లో మీ తేదీలు చూసుకుని, వేసిన కుర్చీలు తొందరగా నిండిపోతాయి కాబట్టి అరగంట ముందు వెళ్లి, అత్తగారికి ఒక కుర్చీ పట్టి, పిల్లలకు నేల మీద దుప్పటి పరచండి. తొమ్మిదింటి దాకా వెలుతురు ఉంటుంది, చీకటి పడ్డాక చలిగాలి వేస్తుంది కాబట్టి శాలువా ఒకటి సంచిలో పెట్టుకోండి. చిన్నవాడు నిద్రపోతే ఎత్తుకుని, ఏ క్షణంలోనైనా లేచి వచ్చేయవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.